మా పెరటి వంశధార

తెల్లవారుజామున పోర్ట్ బ్లెయిర్‌లో బయల్దేరిన బస్సు అడవి దాటి, పడవెక్కి సముద్రపు పాయ దాటి, నూట డెబ్భై కిలోమీటర్లు కుదుపుకుని మా రంగత్ బజారులో ఆగేసరికి ఎండ నడినెత్తిన ఉంటుంది. దిగినవాళ్ళలో ఊరివాళ్ళు సంచులు భుజాన వేసుకుని క్షణంలో మాయమైపోతారు. మిగిలేది డిగ్లీపూర్ దాకా పోయే యాత్రికులు. నడుం సాగదీసుకుంటూ నీళ్ళ సీసా కోసం మా కొట్టు ముందుకొచ్చి, డబ్బులు చేతికిస్తూ అడుగుతారు: “యహాఁ దేఖ్‌నే కా క్యా హై?” నేను చిల్లర లెక్కపెడుతూనే అంటాను: “కుఛ్ నహీఁ సాబ్, ఆగే జాయియే.” ఎన్నేళ్ళుగా అంటున్నానో నాకే లెక్కలేదు. మొన్న ఒక పెద్దాయన మాత్రం కదల్లేదు. “మీరు ఇక్కడే పుట్టారా?” అన్నాడు. అవునన్నాను. “అయినా ఏమీ లేదంటారా?” అన్నాడు. అంతలో బస్సు హారన్ కొట్టింది, ఆయన వెళ్ళిపోయాడు. నేను కందిపప్పు తూస్తూ అర కిలో అడిగినామెకి కిలో పోసేశాను.

లేదని ఎందుకంటాను? చూడ్డానికి లేక కాదు. ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఆమ్‌కుంజ్ సముద్రపు ఒడ్డు ఉంది, పడిపోయిన మానుల్నే బల్లలుగా చెక్కి అక్కడ కూర్చోడానికి వేశారు. పంచవటి దగ్గర సన్నగా దూకే జలపాతం ఉంది. మోరిస్‌డేరా రాళ్ళున్నాయి. ఎర్రాటాలో మడ అడవి మీదుగా చూడ్డానికి కట్టిన మంచె ఉంది. ధనీనల్లాలో ఏడువందల పదమూడు మీటర్ల చెక్కదారి మడచెట్ల నడుమ నుంచి వెళ్ళి ఇసుకలో తేలుతుంది. ఆ అంకె దారి మొదట్లో బోర్డు మీద ఉండబట్టి నాకు నోటికొచ్చింది. ఇవన్నీ తెలిసినవాణ్ణి, వీటిలో ఒక్కటీ నోటికి రాదు. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు అమ్మాయి ఏం చదివిందంటే తండ్రి నసిగినట్టు నసుగుతాను. అది వినయమా, సిగ్గా? లేక చూడదగ్గవి ఎక్కడో ఉంటాయి, మనం ఉన్నచోట మనం మాత్రమే ఉంటాం అనే పాత నమ్మకమా?

ఆ వారంలోనే మా మేనకోడలు ఫోన్ చేసింది. ఇక్కడే పుట్టి, విశాఖపట్నంలో చదివి, ఇప్పుడు అమెరికాలో సిన్సినాటీ అనే ఊళ్ళో ఉద్యోగం చేస్తోంది. ఆదివారం పాత పేట చూడ్డానికి వెళ్ళిందట. డబ్బు కట్టి, ఒక గైడు వెనకాల, మరో పదిమందితో కలిసి. “మావయ్యా, పేట పేరు ఓవర్ ద రైన్. అంటే రైన్ నది అవతలి ఒడ్డు. నది ఏదని అడిగితే లేదంటున్నారు” అని నవ్వింది. పంతొమ్మిదో శతాబ్దంలో జర్మన్లు వచ్చి అక్కడ స్థిరపడ్డారు. ఊరికీ వాళ్ళ పేటకీ మధ్య మయామీ – ఈరీ కాలువ ఉండేది. సరుకుల పడవలు తిరిగే కాలువ. అది దాటి వెళ్ళడాన్ని రైన్ దాటడం అనేవారట, సగం వేళాకోళంగా, సగం బెంగగా. తర్వాత కాలువ పాడుబడింది. 1920 ప్రాంతంలో నీళ్ళు తీసేసి ఆ గుంటలోనే భూగర్భ రైలుకి సొరంగం కట్టారు. డబ్బు చాలక అది ఆగిపోయింది, ఒక్క రైలూ నడవలేదు. పైన పెద్ద రోడ్డు వేశారు. జర్మన్లలో చాలామంది వేరే పేటలకి తరలిపోయారు. పేరు మాత్రం రోడ్డు మీద నిలబడి ఉంది. ఆ పేరు వింటూ నడవడానికి మా పిల్ల డబ్బు కట్టింది.

ఫోన్ పెట్టేశాక నాకు మా మామ్మ గుర్తొచ్చింది. ఆమెది కళింగపట్నం దగ్గర పల్లె, వంశధార సముద్రంలో కలిసే చోటు. తాత వైజాగ్‌లో ఓడెక్కి రోడ్డు పనికి ఇక్కడికొచ్చిన రెండేళ్ళకి, పిల్లల్ని చంకన వేసుకుని ఆమే వచ్చింది. అప్పటి మా ఇంటి వెనకాల ఒక నల్లా ఉండేది. ఇక్కడ వాగుని నల్లా అంటారు, మనవాళ్ళూ అదే అంటారు. మనిషి అడుగు వేస్తే దాటిపోయేంత వెడల్పు. వచ్చిన మర్నాడు పొద్దున్నే మామ్మ అందులో కాళ్ళు కడుక్కుని “ఇదే మన వంశధార” అందట. తాత నవ్వితే “నవ్వుతావేటి? నీకు వేరే ఏరు తెచ్చిచ్చావేటి?” అందట. అప్పట్నించి మా ఇంట్లో అది వంశధారే. “వంశధారలో గిన్నెలు తోమి రా”, “వంశధార పొంగింది, కోళ్ళని లోపల వెయ్యి.” నేను చిన్నప్పుడు బళ్ళో మాస్టారు భారతదేశపు నదులు చెప్పమంటే లేచి వంశధార మా ఇంటి వెనకాల ఉందని చెప్పి మొట్టికాయ తిన్నాను. ఆ పొరపాటు ఎవరిదో ఇప్పటికీ తేల్చుకోలేదు.

మామ్మ ఒక్కతే చేసిన పని కాదది. రంగత్ చుట్టూ ఉన్న ఊళ్ళ పేర్లు ఒకసారి వరసగా చదివితే రామాయణం చెదరగొట్టి చల్లినట్టుంటుంది. దశరథ్‌పూర్, కౌసల్యానగర్, జనక్‌పూర్, మిథిల, ఊర్మిళాపూర్, శబరి, పంచవటి, పర్ణశాల. ఊర్మిళకి ఒక ఊరిచ్చిన వాళ్ళెవరో గాని వాళ్ళకి దండం పెట్టాలనిపిస్తుంది. రామాయణమంతా నిద్రపోయిన మనిషి, ఆమెని గుర్తుపెట్టుకున్నారు. దేశం రెండు ముక్కలయ్యాక తూర్పు బెంగాల్ నుంచి కాందిశీకులుగా వచ్చిన కుటుంబాలని 1950లలో ఇక్కడ దింపారు. కుటుంబానికి పదెకరాలు, అయిదెకరాలు పల్లం, అయిదెకరాలు మెట్ట. అడవి కొట్టి, ఏనుగులతో దుంగలు లాగించి, గుడిసెలు వేసి, ఊళ్ళకి పేర్లు పెట్టారు. ఇల్లు పోగొట్టుకుని సముద్రం దాటి వచ్చినవాళ్ళ ఊళ్ళకి వనవాసం కథలోంచి పేర్లు తీయడం, ఎంత ఆలోచించి చేశారో ఏమీ ఆలోచించకుండా చేశారో గాని, అంతకంటే సరిగ్గా అతికేవి దొరకవు. దండకారణ్యం పేరుతోనే ఇంకో పునరావాసం మన మధ్యభారతంలో నడిచింది కూడా. మనకి భద్రాచలం దగ్గర గోదావరి ఒడ్డున ఒక పర్ణశాల ఉంది కదా. పెళ్ళయిన కొత్తలో నేనూ మా ఆవిడా వెళ్ళాం. అక్కడ గైడు సీతమ్మ చీర ఆరేసిన గుర్తని రాతి మీద గీతలు చూపించాడు. మా ఆవిడ దణ్ణం పెట్టుకుని, చెవిలో “మన పర్ణశాలలో చేపలు బాగుంటాయి” అంది.

పంచవటి సంగతి ఇంకా చిత్రం. అక్కడ సాయంత్రాలు లేళ్ళు కనబడతాయి, బంగారు వన్నె ఒంటి మీద తెల్ల చుక్కలు. అండమాన్లకి చుక్కల జింక పుట్టింటి జంతువు కాదు. ఇంగ్లీషువాళ్ళు వేటకోసం ఓడలో తెచ్చి వదిలారు. పులీ లేదు, చిరుతా లేదు, అడ్డేముంది? ఈదుకుంటూ దీవి నుంచి దీవికి పాకిపోయాయి. మొలకెత్తిన ప్రతి మొక్కనీ కొరికేసి అడవికి కొత్తతరం లేకుండా చేస్తున్నాయని అటవీశాఖ వాళ్ళే అంటారు. అంటే మా పంచవటిలో కనబడే లేడి నిజంగానే మారువేషంలో పైనుంచి వచ్చినదే. యాత్రికులు జలపాతం దగ్గర దాన్ని చూసి “అరే, సో క్యూట్” అంటూ ఫోటోలు తీసుకుంటారు. నాకు వెంటనే “లక్ష్మణా!” అని కేక వినబడుతుందేమోనని చెవి రిక్కించాలనిపిస్తుంది. ఏం చేస్తాం, చిన్నప్పుడు తోలుబొమ్మలాట గురించి మామ్మ చెప్పిన కథలు అలాంటివి. కానీ మరో పక్క నుంచి చూస్తే, తెచ్చి వదలబడి, తిరిగి వెళ్ళే దారి లేక, ఉన్నచోట మేసి పెరిగిన జంతువు మీద నాకెందుకు కోపం? మా తాత ఓడ టికెట్టు కూడా అలాంటిదే కదా. ఈ ఆలోచన వచ్చినప్పుడల్లా నేను దాన్ని అక్కడే వదిలేస్తాను.

పాత పేట అంటే ఏమిటో నాకు సరిగ్గా అంతుపట్టదు. సిన్సినాటీలో ఎర్రటి ఇటుకల మేడలున్నాయి, 1850ల నాటి సంత ఇప్పటికీ నడుస్తోందట. మా దగ్గర డెబ్భై ఏళ్ళు దాటిన గోడ వెతికితే దొరకదు. చెక్క ఇళ్ళు వానకి నానాయి, చెదలు తిన్నాయి, రేకులు తుప్పుపట్టాయి. మూడు వేల మిల్లీమీటర్ల వాన పడే చోట ఇల్లు కూడా ఒక పంట లాంటిదే, కొన్నేళ్ళకోసారి కొత్తగా వేసుకోవాలి. ఇక్కడ ముసలివేమైనా ఉన్నాయంటే కొబ్బరిచెట్లు. “ఇది మా నాన్న దిగిన ఏడాది నాటింది” అని మా బెంగాలీ మిత్రుడు ఒక చెట్టు చుట్టూ చెయ్యి వేసి చెప్తాడు, తాజ్‌మహల్ చూపించినట్టు. మరి చారిత్రక కట్టడం పక్కనే పుట్టిన మా మామ్మకి దాని ఊసే లేదే! కళింగపట్నానికి కాస్త పైన, వంశధార ఒడ్డున, శాలిహుండం కొండ ఉంది. క్రీస్తుకి పూర్వం నుంచి బౌద్ధులు కట్టుకున్న స్తూపాలూ చైత్యాలూ, అక్కడి నుంచి చూస్తే కిందికి నది మెలిక తిరిగి సముద్రానికి పోవడం. నేను నలభయ్యో ఏట మొదటిసారి మా పల్లెకి వెళ్ళినప్పుడు చూసి అలా నిలబడిపోయాను. తిరిగొచ్చి మామ్మని అడిగితే “ఆ కొండా? ఇటికలు. మేకల్ని తోలేవోళ్ళు” అంది. అంతే. నేను రంగత్ గురించి చెప్పే జవాబుకీ దానికీ ఎంత తేడా ఉంది?

శాలిహుండాన్ని 1919లో లోకానికి చూపించినవాడు గిడుగు రామమూర్తి. ఆయన కూడా వంశధార ఒడ్డువాడే, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టాడు. వాడుక భాష కోసం పోట్లాడిన మనిషిగానే మనకి గుర్తు, ఆగస్టు 29న దండలు వేస్తాం. కానీ నాకు ఆయన ఇంకో పని ఎక్కువ ఇష్టం. పర్లాకిమిడిలో మాస్టరుగా ఉంటూ కొండల్లో సవరలు ఏం మాట్లాడుకుంటున్నారో వినాలని ఒకతన్ని ఇంట్లో పెట్టుకుని వాళ్ళ భాష నేర్చుకున్నాడు, వ్యాకరణం రాశాడు, నిఘంటువు కూర్చాడు. పక్కనే ఉన్నవాణ్ణి చెవితో చూడడమది. ఇది ఎందుకు చెప్తున్నానంటే, మా ఊళ్ళ పేర్లలో రామాయణం కాకుండా ఇంకో రెండు రకాలున్నాయి. చెట్ల పేర్లు ఒకటి: కదంతల, బకుల్‌తల, నింబూతల, ఆమ్‌కుంజ్. ధనీనల్లా కూడా అంతే. ఇంటి పైకప్పుకి కప్పే నీటి తాటాకుని ఇక్కడ ధనీ పత్తా అంటారు. రెండో రకం పేర్లు ఎవరికీ అర్థం కావు. ఎరాటిల్‌జిగ్, లోరోజిగ్. బస్సు కండక్టరు అరుస్తాడు, జనం దిగుతారు. నేను యాభై ఏళ్ళు ఆ పేర్లు పలికి ఒక్కసారీ అడగలేదు. ఏదో పాత నిఘంటువులోని పదాలు చూస్తుంటే కంటపడింది. పెద్ద అండమానీ భాషల్లో జిగ్ అంటే సముద్రపు పాయ, మనం నల్లా అనేది. అంటే ఎరాటిల్ నల్లా అని మనకంటే ముందే ఎవరో కాళ్ళు కడుక్కుని పేరు పెట్టారు. ఆ భాషలు పది ఉండేవి. వాటిలో బో భాష మాట్లాడే ఆఖరి మనిషి, ఒక ముసలామె, 2010 జనవరిలో పోయింది. మామ్మ వంశధార అన్న ఆ వాగుకి కూడా చివర్న జిగ్ ఉన్న పేరొకటి ఉండే ఉంటుంది కదా. అడగడానికి మనకి గిడుగు లేకపోయాడు. ఉన్నా, తాత తరం ఆయన్ని రోడ్డు పనికే పంపేదేమో.

రోడ్డు అంటే గుర్తొచ్చింది. మా రంగత్‌కి రావాలంటే చూడకూడని చోటు దాటి రావాలి. జిర్కాటాంగ్ దగ్గర బండ్లన్నీ ఆపి, వరస కట్టించి, ముందూ వెనకా పోలీసులతో వదులుతారు. దాదాపు యాభై కిలోమీటర్లు జారవా ఆదివాసుల అడవి. ఆగకూడదు, ఫోటో తియ్యకూడదు, ఏమీ ఇవ్వకూడదు. 1956 నాటి ఆదివాసుల రక్షణ చట్టం ఉంది. ఆ రోడ్డు వేస్తున్న రోజుల్లో పనివాళ్ళ మీద బాణాలు పడేవి, తాత పక్క గ్యాంగులో మనిషి పోయాడని చెప్పేవాడు. ఆయన ఎప్పుడూ బాణం వేసినవాణ్ణి తిట్టలేదు. “ఆడి ఇంట్లోకి మనం పలుగు పట్టుకుని ఎల్నాం మరి” అనేవాడు. 1996లో కదంతల దగ్గర కాలు విరిగిన జారవా కుర్రాడొకడు దొరికితే పోర్ట్ బ్లెయిర్ ఆసుపత్రిలో నెలల తరబడి వైద్యం చేయించి పంపారు. మరుసటేడు వాళ్ళంతట వాళ్ళే ఆయుధాలు లేకుండా పగటిపూట బయటికొచ్చారు. 2002లో సుప్రీంకోర్టు ఆ రోడ్డు మూసెయ్యమంది. మూతపడలేదు. 2012లో తిండి ఆశ చూపి వాళ్ళ ఆడపిల్లల చేత డాన్సు చేయించిన వీడియో లోకమంతా చూసింది, మరుసటేడు కోర్టు కొద్దివారాలు యాత్రికుల్ని ఆపింది. ఇప్పటికీ మా కొట్టు దగ్గర దిగేవాళ్ళలో కొందరు గొంతు తగ్గించి, “దారిలో ఇద్దరు కనబడ్డారు” అంటారు, పులి కనబడ్డట్టు. ఆ మాట విన్నప్పుడు “ఇక్కడ చూడ్డానికేముంది” అన్న ప్రశ్న నా చెవికి వేరేగా వినబడుతుంది. నేనూ ఆ బస్సులోనే నెలకోసారి సరుకు కోసం వెళ్తాను. కిటికీ పక్క సీటు దొరికితే ఏం చేస్తాను? కళ్ళు మూసుకుంటానని చెప్పను. చూస్తాను. చూసి, ఎవరితోనూ చెప్పను. అది మర్యాదో దొంగతనమో నాకు తెలీదు.

అలా కాకుండా, చూడ్డమంటే నాకు బాగా అనిపించింది ఒక్కటే రాత్రి. డిసెంబరు చివర, ధనీనల్లాలో. చెక్కదారి మీద టార్చి ఆర్పేసి నడవమన్నారు. కింద బురదలో ఏవో చిటపటలు, ఉప్పునీటి మొసలి ఉంటుందని బోర్డు, ఒంటి నిండా ఇసుక ఈగల కాట్లు. చివర్న ఇసుకలో ఆలివ్ రిడ్లీ తాబేలు ఒకటి వెనక కాళ్ళతో గొయ్యి తవ్వుతోంది, ఒక కాలు, తర్వాత ఇంకో కాలు, అరిసెల పిండి తీసినంత ఓపికగా. గుడ్లు పెట్టింది, పూడ్చింది, ఒళ్ళు అటూ ఇటూ ఊపి ఇసుక చదును చేసింది, తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది. గంటన్నర. ఎవరం మాట్లాడలేదు. అటవీశాఖ కుర్రాడు గుడ్లు తీసి కంచె వేసిన చోట తిరిగి పాతి, తారీఖు రాసిన పుల్ల గుచ్చాడు. ఆకుపచ్చ తాబేలు, ముక్కు తాబేలు, తోలు తాబేలు కూడా ఈ తీరానికొస్తాయట, కట్‌బర్ట్ బే వాటికోసమే అభయారణ్యం చేశారు. మా శ్రీకాకుళం తీరంలోనూ ఇవే రిడ్లీలు గుడ్లు పెడతాయి. మామ్మకి ఆ సంగతి చెప్తే “తాబేళ్ళా? వలలు చింపుతాయి” అనుండేది. ఆ రాత్రి తర్వాత చాలా రోజులు, యాత్రికులు అడిగితే ధనీనల్లా చెప్పాలని గట్టిగా అనుకున్నాను. అడిగారు. అన్నాను: “కుఛ్ నహీఁ సాబ్.” ఈసారి అలవాటుతో కాదు. పదిమంది సెల్‌ఫోన్లు వెలిగించుకుని ఆ తల్లి మొహాన పెడతారేమోనని.

ఇలా తేల్చుకోకుండానే ఉండగా, పోయిన ఆదివారం మేనకోడలు మళ్ళీ వీడియోలో వచ్చింది. వాళ్ళ ఆఫీసులో ఎవరికో ఓవర్ ద రైన్ గురించి చెప్తూ తన ముత్తవ్వ వంశధార సంగతి చెప్పిందట. వాళ్ళు చూపించమన్నారట. “మావయ్యా, ఒక్కసారి పెరట్లోకి వెళ్ళవా?” నేను ఫోన్ పట్టుకుని కొట్టు వెనకాలకి నడిచాను. పాత ఇల్లు ఎప్పుడో పోయింది, అక్కడ ఇప్పుడు గోదాము. వాగుని రెండు వైపులా సిమెంటుతో కట్టి, పైన పలకలు పరిచారు, ఆ పలకల మీద ఎవరిదో మోటారు సైకిలు ఆపి ఉంది. ఒక పలక మూల విరిగిన చోట వంగి కెమెరా లోపలికి పెట్టాను.

“చీకటిగా ఉంది మావయ్యా. నీళ్ళున్నాయా?”

ఉన్నాయో లేదో నాకూ కనబడలేదు. చెవి ఆనించి విందామని ఫోన్ పక్కన పెట్టాను. అంతలో కొట్టు ముందు నుంచి కేక వినబడింది, బస్సొచ్చినట్టుంది. “ఉండవే, వస్తాను” అని, మోకాళ్ళ మీద వంగి, ఇంకా కాసేపు విన్నాను.